రేసుల నిర్వహణ కోర్సు కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తాను. మా అబ్బాయి బీకాం ఫైనలియర్. హైదరాబాద్‌లో ఫార్ములా-ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూసినప్పటి నుంచి అలాంటివి జరిపించే కంపెనీలోనే చేరతానంటున్నాడు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సుకు నాలుగు లక్షలు కట్టమంటున్నారు. అప్పు చేయమంటారా?

జవాబు: వద్దండీ, అప్పు చేయకండి. అబ్బాయి ఇష్టాన్ని మాత్రం తోసిపుచ్చకండి.

ఫార్ములా వన్ లాంటి రేసును తమ ఊరికి రప్పించుకునే నిర్వాహకుడిది కౌలు రైతు పరిస్థితి. హక్కులున్న కంపెనీకి హోస్టింగ్ ఫీజు కట్టి తీరాలి. టీవీ ప్రసారాల డబ్బు ఆ కంపెనీకే పోతుంది. నిర్వాహకుడి చేతికొచ్చేది ముఖ్యంగా టికెట్ల సొమ్ము. అది చాలదు కాబట్టే చాలాచోట్ల ప్రభుత్వాలు భారం మోస్తాయి. ఊరి పేరు ప్రపంచానికి తెలుస్తుందని, హోటళ్లు నిండుతాయని వాటి ఆశ. 2008లో సింగపూర్ రాత్రిపూట రేసు మొదలుపెట్టిందీ ఆ లెక్కతోనే.

ప్రభుత్వం వెనక్కి తగ్గితే రేసు నిలవదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా-ఈ రేసు, ప్రభుత్వం మారాక మరుసటి ఏడాది రద్దయింది. గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 వరకు మూడేళ్లే సాగింది. అక్కడ పన్నుల పేచీ పెద్ద అడ్డంకి అయింది. చివరికి 2017లో సుప్రీంకోర్టు, ఇక్కడి రేసుతో వచ్చిన ఆదాయానికి ఫార్ములా వన్ హక్కులున్న విదేశీ కంపెనీ ఇక్కడే పన్ను కట్టాలని తేల్చింది. బీకాం కుర్రాడు ఆ తీర్పును తప్పక చదవాలి. రేసు బతకడం, ఆగిపోవడం తేలేది ఇలాంటి కాగితాల మీదే, ఒప్పందాలు, బడ్జెట్లు, జీఎస్టీ తెలిసినవాడికి చోటు దొరికేదీ అక్కడే.

ఐసెట్ రాసి ఎంబీఏలో చేరమనండి. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనే ఆ కోర్సు ఉంది. అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. స్పాన్సర్లతో బేరం, టికెటింగ్, పోలీసు, ఫైర్ అనుమతులు నేర్చుకున్నవాడికి రేసు లేని ఏడాది క్రికెట్, మారథాన్, ఆటో ఎక్స్‌పో ఉంటాయి. ఒక్క రేసునే నమ్ముకుంటే ఏడాదంతా జీతం రావడం కష్టం.

చదువుతూనే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో మార్షల్‌గా పనిచేయడానికి ప్రయత్నించమనండి. జెండాలు ఊపేది, ట్రాక్ మీద ఆగిన బండిని తప్పించేది వాళ్లే. చాలావరకు వాలంటీర్లే కాబట్టి డబ్బులు రావు. కానీ రెండు రోజులు ఎండలో నిలబడితే ఈ పని తనకు సరిపడుతుందో లేదో వాడికే తెలుస్తుంది.

ఆ నాలుగు లక్షల కోర్సు వాళ్లను పోయిన బ్యాచ్‌లో ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వడానికి వెనకాడితే ఆ మాట అక్కడితో వదిలేయండి.