పాంక్రియాస్‌ల సిస్టు అంటే క్యాన్సరేనా?

తమ్ముడూ, మిర్యాలగూడలో తీసిన సీటీల అమ్మకు పాంక్రియాస్ (క్లోమం) తోక దగ్గర 18 మిల్లీమీటర్ల సిస్టు (నీటి సంచి) కనబడ్డదని, చుట్టాలంతా క్యాన్సరేనని భయపెడుతున్నరని రాసినవు. ముందు అమ్మకు ధైర్యం చెప్పు. వేరే నొప్పికని స్కాన్ తీస్తే ఇట్ల బయటపడే సిస్టులు చానా ఉంటయి. వాటిల ఎక్కువ శాతం క్యాన్సర్‌గా మారవు.

రిపోర్టుల సైజు ఒక్కటే చూడకు, పాంక్రియాస్ రసం పోయే ప్రధాన నాళం వెడల్పు చూడు. నువ్వు పెట్టిన దాంట్ల 3 మిల్లీమీటర్లే ఉంది, మంచిదే. 5 నుంచి 9 ఉంటే జాగ్రత్త పడాలె, 10కి చేరితే ఆపరేషన్ మాట వస్తది. ఇంకోటి, 'మ్యూరల్ నాడ్యూల్' అని ఎక్కడన్న రాసిండ్రా? సిస్టు గోడకు లోపలివైపు పెరిగే గడ్డ అది, అసలు భయం దానితోనే. సిస్టు 3 సెంటీమీటర్లకు చేరినా, కామెర్లొచ్చినా, కొత్తగా షుగర్ వచ్చినా ఆలస్యం చెయ్యొద్దు.

అమ్మకు ఇదివరకు పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు) వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పు. అప్పుడు అది ఆ వాపు వల్ల నీరు చేరి ఏర్పడ్డ సూడోసిస్టు కావచ్చు, అది క్యాన్సర్‌గా మారదు.

ఇప్పుడు ఎంఆర్‌సీపీ (నాళాలను చూపించే ఎంఆర్‌ఐ స్కాన్) తీయించాల్నా అని అడుగు. సిస్టుకూ నాళానికీ సంబంధం ఉందా లేదా దాంట్ల బాగ తెలుస్తది. అనుమానముంటే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి నుంచి గొట్టం పంపి చేసే స్కాన్) చేసి సూదితో నీరు తీస్తరు. ఆ నీటిల సీఈఏ అనే ప్రోటీన్ ఎక్కువుంటే మ్యూసిన్ (జిగురు పదార్థం) తయారుచేసే రకమని అర్థం, క్యాన్సరని కాదు. ఇక్కడనే చానామంది బెదిరిపోతరు.

ఐపీఎంఎన్ (నాళంల పుట్టి మ్యూసిన్ తయారుచేసే సిస్టు) రకమని తేలి, 2 సెంటీమీటర్ల లోపే ఉంటే, 2024 క్యోటో మార్గదర్శకాల ప్రకారం 6 నెలలకు ఒకసారి చూస్తరు. మార్పు లేకుంటే తర్వాత 18 నెలలకోసారి.

హైదరాబాద్ నిమ్స్ గ్యాస్ట్రో ఓపీకి పోయేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీ కూడా పట్టుకపో.