దర్జీ పని చేసుకుంటూనే శాసనసభకు వెళ్లిన అమెరికా నాయకుడు ఎవరు?

ఆండ్రూ జాన్సన్. తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు కాబట్టి పేరు చాలామంది వినే ఉంటారు, దర్జీ అన్న సంగతే ఎక్కువమందికి తెలియదు.

1808లో నార్త్ కరోలినాలోని రాలీలో పుట్టాడు. బడి మొహం చూడలేదు. చిన్నప్పుడే ఒక దర్జీ దగ్గర పనికి పెట్టారు. 1824లో పారిపోతే, పట్టిచ్చినవాళ్లకు 10 డాలర్లు ఇస్తానని యజమాని పేపర్లో ప్రకటన వేయించాడు! 1826లో టెన్నెసీలోని గ్రీన్‌విల్ చేరి, తర్వాత సొంత కొట్టు పెట్టుకున్నాడు. తను బట్టలు కుడుతుంటే పక్కన ఎవరో ఒకరు చదివి వినిపించేవారు. రాత, లెక్కలు మెరుగుపడింది భార్య ఎలిజా వల్ల.

1835లో రాష్ట్ర ప్రతినిధుల సభకు గెలిచాడు, 1837లో ఓడాడు, 1839లో మళ్లీ గెలిచాడు. కష్టజీవుల మనిషినని చెప్పుకున్నా, బానిసలను కొన్నవాడే. ఆ చెక్క కొట్టు చుట్టూ ఇటుక కట్టడం కట్టి ఇప్పటికీ కాపాడుతున్నారు.