బీరువా తాళం

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఏడెకరాల ఎర్రనేలలో జూలైలో చెనక్కాయ (వేరుశనగ) విత్తాం. ఊడలు దిగే సమయానికి నెల రోజులు చినుకు లేదు. ఉన్న కాస్త చెట్లు పీకి ఆరేస్తే వాన పట్టుకుని కాయ మొలకెత్తింది, మేతకు పనికొచ్చే కట్టె బూజు పట్టింది. ఇదివరకే మూడు బోర్లు వేశాను, ఏదీ నిలవలేదు. నాలుగోది వేసి చీనీ (బత్తాయి) తోట పెట్టాలని ఉంది. నా భార్య నగలే దిక్కు. ఆమె బీరువా తాళం ఇవ్వడం లేదు. గట్టిగా అడిగితే పుట్టింటికి పోతానంటోంది. మూడో బోరు అప్పు సంగతి ఈ మధ్యే ఎవరో చెప్పారట, అప్పటి నుంచీ ఇంతే. ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: నచ్చజెప్పొద్దు. తాళం ఆమె దగ్గరే ఉండనివ్వండి.

బోరు సంగతి రెండు మాటల్లో చెప్తాను. మూడు ఎండిన చోట నాలుగోదానికి నీళ్లు పడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. పడినా చీనీ సరైన కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. అన్ని వేసవులూ ఆ ఒక్క బోరే చెట్లను బతికించాలి. ఏడాదికి సగటున ఐదు వందల పైచిలుకు మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లా మనది. అది కూడా మనం అడిగిన రోజున పడదు.

ఇక అసలు విషయం. మీరు ఉత్తరం చివర్లో, పెద్ద లెక్కలోది కానట్టు రాశారే, అప్పు ఆమెకు వేరేవాళ్ల నోట తెలిసిందని. నా చూపు అక్కడే ఆగిపోయింది. విత్తనానికి వేళ్లు పుండ్లయ్యేలా కాయలు వొలిచింది ఎవరు? కలుపు తీసింది ఎవరు? కుప్ప తడుస్తుంటే పట్ట కప్పడానికి మీతో పాటు పరిగెత్తింది ఎవరు? పనిలో సగం ఆమెది. అప్పు మాత్రం మీరొక్కరే చేసి దాచారు. ఊళ్లోవాళ్లు చెప్తే తెలుసుకున్న ఆడమనిషి ఎంత చిన్నబోతుందో ఊహించండి.

మా అమ్మ కూడా అలాగే తెలుసుకుంది. మెడలో పసుపుకొమ్ము తాడు మిగిలినందుకు ఆమె ఏనాడూ బాధపడలేదు. నాన్న చెప్పలేదన్న బాధ మాత్రం చివరిదాకా పోలేదు. అందుకే ఈ విషయంలో నేను మీ పక్షాన మాట్లాడలేను.

వాన చేసిన నష్టానికి మీరు తలదించుకోనక్కర్లేదు. దాచినదానికి మాత్రం క్షమాపణ చెప్పాలి. మొత్తం అప్పు ఎంత, ఎవరికి, ఎంత వడ్డీకో ఒక్క రూపాయి తగ్గించకుండా ఆమె ముందు పెట్టండి. తర్వాత ఇద్దరూ కలిసి రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లండి. పొలమంతా చెనక్కాయకే వదిలేయకుండా కంది, కొర్ర, సజ్జ ఎంతెంత వేసుకోవచ్చో, వాన ఆలస్యమైతే ఉలవ ఎప్పుడు చల్లాలో అడగండి. ప్రశ్నలు ఆమెనూ అడగనివ్వండి. ఆ నేల ఆమెకూ తెలుసు.

ఒకవేళ ఈలోపే ఆమె పుట్టింటికి వెళ్తే పెద్దమనుషులను వెంటేసుకుని పోకండి. అప్పు కాగితాలు పట్టుకుని మీరొక్కరే వెళ్లండి.