స్కూల్ బోర్డు నుంచి సిటీ కౌన్సిల్‌కి: మళ్లీ నిలబడుతున్న తమ్ముడికి

తమ్ముడూ,

స్కూల్ బోర్డులో ఒక టర్మ్ చేసి, కొన్నాళ్లు ఆగి, ఇప్పుడు మే ఎన్నికల్లో సిటీ కౌన్సిల్‌కి నిలబడతానంటున్నావు. మంచిదే. అయితే ట్రస్టీగా, అంటే స్కూల్ బోర్డు సభ్యుడిగా, సంపాదించుకున్నదాంట్లో పేరు తప్ప ఇంకేదీ దానంతటది నీ వెంట రాదు. కాగితాలు రావు, ఓట్లు అసలే రావు.

టెక్సస్‌లో ప్రచార ట్రెజరర్‌ని (చందాల లెక్కలు చూసే మనిషిని) నియమిస్తూ ఫారం ఇవ్వకముందు చందా తీసుకోవడం, ఖర్చు పెట్టడం రెండూ తప్పే. పాత ఫారం స్కూల్ డిస్ట్రిక్ట్ దగ్గరుందని ఊరుకోకు, సిటీ సెక్రటరీ దగ్గర కొత్తది వెయ్యి. పాత ఖాతాకి ఫైనల్ రిపోర్ట్ ఇచ్చావో లేదో ఇవాళే చూసుకో. ఇవ్వకపోతే చందాలు, ఖర్చుల లెక్కలు చెప్పే జనవరి, జూలై రిపోర్టులు ఇన్నాళ్లుగా బాకీ పడుతూనే ఉన్నాయి. ఎదుటివాళ్లు మొదట తవ్వేది అక్కడే. అభ్యర్థిత్వ దరఖాస్తు మీద నోటరీ ముందు సంతకం చెయ్యాలి, గడువు పోలింగ్‌కి 78 రోజుల ముందు. వారం ముందే ఇస్తే తప్పు దొరికినా సరిదిద్దుకునే వీలుంటుంది. నివాసం, మద్దతు సంతకాల షరతులు ఊరూరికీ మారతాయి, మీ సిటీ చార్టర్ (ఊరి మూల నిబంధనల పత్రం) చదువు.

ఇక మ్యాప్. స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దులు, సిటీ హద్దులు ఒకటి కావు. డాలస్ దగ్గరి ఫ్రిస్కోనే చూడు, ఆ ఊళ్లో కొన్ని కాలనీలు లూయిస్‌విల్, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఉన్నాయి. నీకు అప్పట్లో ఓటేసినవాళ్లలో కొందరికి ఇప్పుడు నీ పేరు బ్యాలెట్ మీదే ఉండదు. కౌంటీ ఎలక్షన్స్ ఆఫీసులో ఓటర్ల జాబితా, ఎవరెప్పుడు ఓటేశారన్న వివరాలతో సహా తీసుకో. గత మూడు మే ఎన్నికల్లో కనీసం రెండుసార్లు ఓటేసినవాళ్లని వేరుచేసి, ముందు ఆ గడపలే తొక్కు. నవంబర్‌లో మాత్రమే ఓటేసేవాళ్ల వెంట పడితే చెప్పులరుగుతాయి.

మనవాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, అందరూ జారేది ఇక్కడే. దీపావళి వేడుకలో ఎనిమిది వందల మంది చప్పట్లు కొట్టారంటే ఎనిమిది వందల ఓట్లని కాదు. అందులో హెచ్1బీ వాళ్లెందరు, గ్రీన్ కార్డు వాళ్లెందరు? సిటిజెన్ అయినవాళ్లలోనైనా నమోదు చేసుకున్నదెందరు? పోలింగ్‌కి 30 రోజుల ముందు నమోదు గడువు ముగుస్తుంది కాబట్టి ఆ పని ఫిబ్రవరిలోనే మొదలుపెట్టు. డబ్బు దగ్గర మరీ జాగ్రత్త. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు చందా ఇవ్వొచ్చు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు స్థానిక ఎన్నికలకైనా సరే ఇవ్వకూడదు, అది ఫెడరల్ చట్టం. జీతం తీసుకోకుండా తలుపులు తట్టడానికి రావచ్చు. బావమరిది రెస్టారెంట్ కార్పొరేషన్ అయితే దాని చెక్కు కూడా పుచ్చుకోకు, ఆయన సొంత ఖాతాదే అడుగు. వాట్సాప్ గ్రూపులో చందా లింకు పడేసి వదిలెయ్యడం నాకు బొత్తిగా నచ్చదు. ఎవరు కట్టారో తేలేలోపు రిపోర్ట్ గడువు వచ్చేస్తుంది.

పాత ప్రచార బోర్డులు అటక మీద ఉన్నాయని దించకు. ఇప్పుడు పదవిలో లేవు కాబట్టి "రీ-ఎలెక్ట్" అనకూడదు. పదవి పేరుకి ముందు "ఫర్" ఉండాలి, దాని అక్షరాలు పదవి పేరు అక్షరాల్లో కనీసం సగం సైజుండాలి. రోడ్డు హద్దులో పెట్టకూడదన్న హెచ్చరిక కూడా చట్టం చెప్పిన మాటల్లోనే అచ్చు వెయ్యాలి. ప్రింటర్‌ని నమ్ముకోకుండా ప్రూఫ్ నువ్వే చదువు.

చర్చావేదికల్లో నీ పాత ఓట్లే అడుగుతారు. బాండ్‌కి (బడుల కోసం తెచ్చే అప్పుకి) ఎటు వేశావు, ఏ ఇంటి పిల్లలు ఏ బడికెళ్లాలో చెప్పే అటెండెన్స్ జోన్లు మార్చినప్పుడు ఏమన్నావు? బోర్డు మినిట్స్ (సమావేశాల రికార్డులు) తీసి, ఒక్కో ఓటుకి రెండు నిమిషాల జవాబు సిద్ధం చేసుకో. ఆ తర్వాత బడి కబుర్లు తగ్గించు. కౌన్సిల్ టీచర్లని నియమించదు. జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో తేల్చడం), నీళ్లు, డ్రైనేజీ, పోలీసు, ఫైర్ దాని పనులు. నీ అనుభవం అతికేది వాటి అంచున: ఫలానా చోట అపార్టుమెంట్లకి అనుమతిస్తే పక్క బడిలో ఎంతమంది పెరుగుతారు, పొద్దున కార్ల వరస ఎక్కడిదాకా వస్తుంది. ఆ లెక్క చెప్పగలిగిన అభ్యర్థులు తక్కువ.

కౌన్సిల్ టర్మ్ రెండేళ్లకి మించితే సగానికి పైగా ఓట్లు రావాలి, లేకపోతే రనాఫ్, అంటే ముందున్న ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్. అందుకని డబ్బులో మూడో వంతు, వాలంటీర్ల జూన్ తీరిక ముందే పక్కన పెట్టుకో. మే నెలాఖరుకి సగం మంది ఇండియా టికెట్లు కొనేసి ఉంటారు, మార్చిలోనే అడుగు.