కొత్త పశుజాతుల రూపకల్పనే కెరీర్‌గా... బైపీసీ తర్వాత దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. పశువుల్లో కొత్త జాతులను తయారుచేసే చదువు చదువుతానంటోంది. ఏ కోర్సులో చేర్పించాలి? ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక తండ్రి, ప్రకాశం జిల్లా

జవాబు: ముందుగా బీవీఎస్సీ అండ్ ఏహెచ్ (పశువైద్య డిగ్రీ) చదవాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ప్రవేశం నీట్ ర్యాంకుతో. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలలతో పాటు, వెటర్నరీ కౌన్సిల్ భర్తీచేసే 15 శాతం అఖిల భారత కోటా సీట్లకూ దరఖాస్తు చేయించండి. ఆ తర్వాత ఎంవీఎస్సీ (పశువైద్య పీజీ)లో ‘యానిమల్ జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్’ రెండేళ్లు. పరిశోధన వైపు వెళ్లాలంటే పీహెచ్‌డీ తప్పదు.

చేరేముందు మీ అమ్మాయి ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. ఫ్రీస్వాల్ అనే పాడి ఆవుల జాతినే తీసుకోండి. మిలటరీ డెయిరీ ఫారాల్లో, దేశీ సాహివాల్ ఆవులకూ విదేశీ హోల్‌స్టీన్ ఫ్రీజియన్‌కూ సంకరం చేసి రూపొందించారు. లక్ష్యం 62.5 శాతం విదేశీ రక్తం, 37.5 శాతం సాహివాల్. తొలి సంకరంలో పుట్టిన దూడలో విదేశీ వాటా 50 శాతం. ఆ పెయ్య ఎదిగాక మళ్లీ ఫ్రీజియన్ వీర్యం వేస్తే పుట్టేదానికి 75. ఈ 75 శాతం ఆబోతును 50 శాతం ఆవుతో కలిపితే సగటున 62.5 వస్తుంది. అక్కడితో జాతి తయారైపోదు. ఆ 62.5 శాతం పశువులనే తరాల తరబడి వాటిలో వాటికే కలుపుతూ, పాలు, ఈతల మధ్య వ్యవధి చూసి నాసివాటిని ఏరివేయాలి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. తొలి సంకరంలో కనిపించే అదనపు సత్తువ (హెటిరోసిస్) తర్వాతి తరాల్లో సగానికి తగ్గిపోతుంది. దూడలు ఒక్కోటి ఒక్కోలా పుడతాయి. తొలి తరం పాలు చూసి మురిసిన రైతు ఇక్కడ నిరాశపడి వదిలేస్తాడు. ఇంకో తప్పు, మంచి ఆబోతు ఒకటి దొరికిందని మందంతా దానితోనే నింపడం. సవతి అన్నాచెల్లెళ్ల కలయికలో పుట్టే దూడకు అంతఃప్రజనన గుణకం (ఒకే పూర్వీకుల జన్యువు తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ అందే అవకాశం) 12.5 శాతం; తల్లికొడుకుల కలయికలో 25 శాతం. దాచి ఉన్న లోపాలు బయటపడి, చూలు నిలవడం తగ్గుతుంది.

ఇక లెక్క: మంద సగటు ఈతకు 2,000 లీటర్లు, ఎంపికచేసిన తల్లిదండ్రుల సగటు 2,600 అనుకుందాం. తేడా 600. పాల దిగుబడికి హెరిటబిలిటీ (ఆ తేడాలో పిల్లలకు వారసత్వంగా అందే వాటా) దాదాపు 0.25. అంటే తర్వాతి తరంలో పెరిగేది 150 లీటర్లే. మిగతాది మేత, వాతావరణం, యాజమాన్యం మహిమ. పైగా ఆవుల్లో తరం మారడానికి ఐదారేళ్లు. కోళ్లలో ఏడాది చాలు. అందుకే ఫలితం కళ్లారా చూడాలనుకునే పిల్లలకు నేను కోళ్ల వైపే మొగ్గమంటాను. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది.

కాబట్టి గణితం ఇష్టంలేక బైపీసీ తీసుకున్న అమ్మాయైతే బాగా ఆలోచించండి. రోజువారీ పని పశువుతో కన్నా రికార్డులతో, స్టాటిస్టిక్స్‌తో ఎక్కువ. జీనోమిక్ ఎంపిక (డీఎన్ఏ పరీక్షతో మేలైన పశువులను ఎంచుకోవడం) వచ్చాక కంప్యూటర్ కోడింగూ కావాలి.

ఉద్యోగాల విషయానికొస్తే విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకులు, ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థల్లో శాస్త్రవేత్తలు (కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ఎన్‌డీఆర్‌ఐ, పశు జన్యువనరుల సంస్థ ఎన్‌బీఏజీఆర్ వంటివి), ఘనీకృత వీర్య కేంద్రాలు, కోళ్ల బ్రీడింగ్ కంపెనీలు ఉన్నాయి. బ్రీడర్ పోస్టులు తక్కువే. కానీ బీవీఎస్సీ చేతిలో ఉంటే పశువైద్యురాలిగా బతుకుతెరువుకు ఢోకా లేదు. నా దృష్టిలో ఈ దారికున్న పెద్ద ధీమా అదే.

మీ జిల్లా ఒంగోలు జాతికి పుట్టినిల్లు. సెలవుల్లో ముందుగా అనుమతి తీసుకుని గుంటూరు దగ్గరి లాం ఫారానికి తీసుకెళ్లండి. ఆబోతులతో పాటు వంశావళి, పాల రిజిస్టర్లు కూడా చూపించమని అడగండి. ఏ పశువుకు ఏ తల్లి, ఏ తండ్రి, ఎన్నో ఈతకు ఎన్ని పాలు అని మీ అమ్మాయి ఆ రిజిస్టర్‌లో వెతకడం మొదలుపెడితే బ్రీడింగ్‌లో చేర్చండి. ఆబోతుల దగ్గరే ఆగిపోతే బీవీఎస్సీ చాలు, స్పెషలైజేషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.