సీతాఫలం జామ్ మాత్రం వద్దు

చిరంజీవి శిరీషకు,

మహబూబ్‌నగర్ నుంచి మీ అత్త ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. దీపావళికి నువ్వు ఇంట్లోనే జామ్ బిస్కెట్లు చేసి అమ్ముతున్నావట, ఇరవై డబ్బాలకు అప్పుడే మాట కూడా ఇచ్చావట. మా తమ్ముడి కూతురు బిస్కెట్లను నల్లగొండలో డబ్బులిచ్చి కొనుక్కుంటారా అని ఎంత మురిసిపోయానో! ఫోన్ పెట్టేస్తూ వాడు, "లోపల సీతాఫలం జామ్ పెడుతుందట అక్కా" అన్నాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

పిండి సంగతి నీకు తెలిసిందే. తూకంలో చక్కెర ఒక పాలు, వెన్న రెండు, మైదా మూడు. ముద్ద మెత్తగా ఉన్నప్పుడే వేలితో గుంట నొక్కి, ఆ తర్వాత అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. గట్టిపడ్డాక నొక్కితే అంచులు పగిలి, అందులోంచి జామ్ కారిపోతుంది. 170 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు చాలు. అడుగు బంగారు రంగు తిరగగానే తీసెయ్యి. పైన మెత్తగా ఉందని కంగారుపడకు, చల్లారితే అవే గట్టిపడతాయి.

ఇక అసలు విషయం. నీకు అయిదేళ్లప్పుడు కార్తీక మాసంలో మీరంతా మా ఇంటికి వచ్చారు. ఆ సోమవారం సాయంత్రం మా ఆడపడుచుకు పెళ్లిచూపులు. వచ్చేవాళ్లకు బజారు బిస్కెట్లు పెడితే పాలమూరు గొప్ప ఏం తెలుస్తుంది? బాలానగర్ పేరుతో సీతాఫలంలో ఒక రకమే ఉంది కదా, ఆ వైపు నుంచి వచ్చిన కాయలు గంపెడు కొన్నాను. తెల్లవారుజామునే గింజలు తీసి, గుజ్జులో చక్కెర పోసి, చిక్కబడేదాకా ఉడికించాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. అప్పుడు మాకు ఓవెన్ ఎక్కడిది? ట్రేలో పేర్చి ఇస్తే బేకరీవాళ్లు బట్టీలో కాల్చి ఇచ్చారు. ఒక్కొక్కటీ చూడముచ్చటగా వచ్చింది. నేను ఉపవాసం. నక్షత్రం చూసేదాకా నోట్లో ఏమీ వేసుకోకూడదు. వాసన బాగుంది కదా, రుచి ఎక్కడికి పోతుందనుకున్నాను.

పెళ్లివారు కూర్చున్నారు. నువ్వు పరుగెత్తుకొచ్చి ఒకటి నోట్లో పెట్టుకుని, అందరి ముందూ ఉమ్మేసి, "అత్తా, చేదు!" అన్నావు. నేను నిన్ను పక్కకు లాక్కెళ్లి తొడపాశం పెట్టాను. నువ్వు ఏడుస్తూనే, "నిజంగా చేదే" అన్నావు. పెళ్లివారు పెద్దమనుషులు కాబట్టి సగం సగం కొరికి, మంచినీళ్లు తాగి, చాలా బాగున్నాయన్నారు. రాత్రి ఉపవాసం విడిచాక నేనూ ఒకటి తిన్నాను. వేపాకు నయం.

గింజ ఏదైనా నలిగిందేమో అనుకుని మరుసటి వారం ఒక్కో గింజా లెక్కపెట్టి తీసి మళ్లీ వండాను. మళ్లీ చేదే. తప్పు గింజది కాదు, పొయ్యిది. సీతాఫలం గుజ్జును మరిగిస్తే చేదెక్కుతుంది. ఐస్‌క్రీములో అంత కమ్మగా ఉండేది పచ్చి గుజ్జు కలుపుతారు కాబట్టే. నువ్వయితే జామ్ ఉడికించేటప్పుడు ఒకసారి, ఓవెన్‌లో ఇంకోసారి, రెండుసార్లు దాన్ని వేడి చేస్తావు! ఆ సంబంధం కుదిరింది, వాళ్లకు మనవలు కూడా పుట్టారు. ఆయన మాత్రం మా ఇంట్లో బిస్కెట్ చేతిలో పెడితే ఇప్పటికీ ముందు వాసన చూస్తారు.

అందుకని జామకాయ పట్టుకో. సగం పండినవి, సగం దోరవి తీసుకుని, ఉడికించి వడగట్టి, చక్కెర, నిమ్మరసం వేస్తే దానంతటదే గట్టిపడుతుంది. చల్లని పళ్లెం మీద చుక్క వేసి వేలితో గీత గీయి, ఆ గీత మూసుకుపోకపోతే పాకం అయినట్టే. గుంటలో అర చెంచాకు మించి పెట్టకు, పొంగుతుంది. మా నల్లగొండ బత్తాయి ఉందిగా అంటావేమో. తొక్క కింది తెల్లపొర ఎక్కువ పడితే అదీ చేదే. నాకు ఆ మాట వింటేనే గుండె దడ.

ఇంకొకటి. ఉడుకుతున్న జామ్ చిందితే చర్మానికి అంటుకుని వదలదు. బాబును వంటింటి గడప దాటనివ్వకు. నువ్వు కూడా పొడుగు గరిటె వాడు. చిన్నప్పుడు మరుగుతున్న పాకంలో వేలు పెట్టబోయిన పిల్లవి నువ్వు, ఆ వేలి మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.

ఆ తొడపాశం నీకు గుర్తుందో లేదో. మర్నాడు స్నానం చేయిస్తుంటే కమిలిన మచ్చ కనిపించింది. నీకు రెండు జిలేబీలు కొనిపెట్టాను కానీ, నువ్వన్నదే నిజమని ఒప్పుకోలేదు. నువ్వన్నదే నిజం తల్లీ.

ఆదివారం మీ నాన్న వస్తున్నాడు. పెరట్లో జామకాయలు సంచీ నిండా ఇచ్చి పంపుతాను. మొదటి ట్రేలోవి నాలుగు నాకు పంపు. కార్తీకం ఇంకా రాలేదు కాబట్టి ఏ రోజు అందినా అప్పుడే తింటాను.

మీ అత్త