ఊరంతా అమ్మను పొగుడుతుంటే నాకు కన్నీరు రాలేదు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. అమ్మ పోయి పదకొండు నెలలైంది. అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో ఆమె వాలంటీరుగా రాత్రిబడి నడిపింది, తర్వాత సారా వ్యతిరేక పోరాటంలో తిరిగింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. లాంతరు తీసుకుని ఆమె వెళ్లిపోతే, తమ్ముడికి అన్నం కలిపి పెట్టి నిద్రపుచ్చింది నేనే. సంస్మరణ సభలో అందరూ ఆమెను ‘ఊరికి తల్లి’ అంటుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. సంవత్సరీకానికి విగ్రహం పెట్టిద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. అమ్మ పెట్టెలో నాకొక పాత నోటుపుస్తకం దొరికింది. పేజీకి ఒక పక్క వేలిముద్ర, మరో పక్క అదే మనిషి చేసిన సంతకం. అది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

జవాబు: మీ కోపాన్ని చూసి మీరు సిగ్గుపడవలసిన పనిలేదు. పదకొండేళ్ల పిల్ల మోయవలసినదానికన్నా ఎక్కువ బరువు మోశారు, ఆ సంగతి సభలో ఒక్కరి నోటా రాలేదు. ‘ఊరికి తల్లి’ అన్న మాట గౌరవంతో అన్నదే కావచ్చు గానీ, కన్నబిడ్డ ఎదుట అనవలసిన మాట కాదని నా అభిప్రాయం.

అయితే ఆమె సరిగ్గా ఆ వేళకే ఎందుకు వెళ్లిపోయేదో ఒకసారి ఆలోచించండి. కూలికి వెళ్లి వచ్చి, వంట చేసి, ఇంట్లో అందరికీ పెట్టిన తర్వాతే ఆ స్త్రీలకు పలక పట్టుకునే తీరిక దొరికేది కాబట్టి, 1991లో మీ జిల్లాలో ఆ బడులు రాత్రిపూట నడవక తప్పలేదు. అక్కడ పక్కపక్కన కూర్చున్నవాళ్లే తమ ఇళ్లలో సారా చేస్తున్న నాశనం గురించి గొంతు విప్పారు. మీ జిల్లాలోని దూబగుంట అనే ఊరి స్త్రీలు మొదలుపెట్టిన పోరాటం 1992లో జిల్లా అంతా పాకి, సారా దుకాణాల వేలంపాటలు జరగనివ్వని స్థాయికి చేరి, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇదంతా చెప్పి మీ బాధను కొట్టిపారేయాలని కాదు. ఆమె చేసిన పని మంచిది, ఆ రాత్రులు మీకు అమ్మ లేకపోవడమూ నిజం. ఈ రెండింటిలో ఒకదాన్ని అబద్ధం చేస్తేనే దుఃఖం తీరుతుందని మీరు అనుకుంటున్నట్టుంది, అందుకే అది మీలోనే గడ్డకట్టుకుపోయింది.

సంవత్సరీకానికి ఇంకా నెల ఉంది. ఆ నోటుపుస్తకం తీసుకుని ఊరికి వెళ్లండి. అందులో ఉన్నవారిలో ఇప్పటికీ ఉన్న అవ్వల దగ్గర కూర్చుని, మా అమ్మ ఎంత గొప్పది అని కాక, బడి అయ్యాక ఇంటికి నడుస్తూ ఏం మాట్లాడేది, ఎప్పుడైనా విసుక్కునేదా, పిల్లల సంగతి ఎత్తేదా అని అడగండి. మీ గురించి ఒక మాటైనా వినిపిస్తుందని నేను హామీ ఇవ్వలేను, వినిపించకపోతే నొప్పి కలుగుతుంది. అయినా అడగండి, ఆ వేళ ఇంట్లో మీరేం చేస్తుండేవారో వాళ్లకూ చెప్పండి. వాళ్ల చదువు కోసం ఒక ఆడపిల్ల కూడా కష్టపడిందని ముప్పై ఏళ్ల తర్వాతైనా వాళ్లకు తెలియాలి.

విగ్రహం మాటకు వస్తే, తమ్ముడితో ఇప్పుడే వాదించకండి. ఆ రాత్రులు అతనికి అమ్మ లేని లోటు తెలియలేదంటే, మీరు పెట్టిన ముద్ద వల్లనే. ఆ సంగతి అతనితో మీరు ఎప్పుడూ అనలేదని నాకు అనిపిస్తోంది, ముందు అది చెప్పండి.

ఈలోగా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

సంవత్సరీకం నాడు, తమ్ముడు ఒప్పుకుంటే, ఆ నోటుపుస్తకంలోని పేర్లను మీరే పైకి చదవండి. అందులో ఉన్నవారు ఎవరైనా వస్తే, చివరి పేజీలో మళ్లీ ఒక సంతకం చేయమని అడగండి.